నది వసారాలో మన సామాను

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. వరద తీసిందనీ, బడి మళ్లీ తెరిచారనీ, తడిసిన పుస్తకాలు మేడ మీద ఆరబెట్టుకుంటున్నారనీ చదివాక మనసు కుదుటపడింది. మీ అందరి తరఫున మీలో చిన్నది రెండు ప్రశ్నలు రాసింది. "కరకట్టను ఇంకా ఎత్తుగా కట్టేస్తే సరిపోదా తాతయ్యా? దానికి ఏళ్ల తరబడి ప్రణాళికలు ఎందుకు?" అన్నది మొదటిది. "ఇది నూరేళ్ల వరద అట. అయితే ఇక మా జన్మలో రాదా?" అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను.

నూరేళ్ల వరద నూరేళ్లకు ఒకసారి వంతు ప్రకారం వచ్చేది కాదు. ఏ ఏడాది తీసుకున్నా నూటికి ఒక పాలు వచ్చే అవకాశం ఉన్న వరద అది. ఈ ఏడాది వచ్చాను కాబట్టి వచ్చే ఏడాది రానని నది ఎవరికీ మాట ఇవ్వలేదు. 30 ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నవారు అంతటి వరదను ఒక్కసారైనా చూసే అవకాశం నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువే. పైగా అడవులు పలచబడి, నేల మీద సిమెంటు పరుచుకుని, వానల తీరు మారుతూ ఉంటే ఆ లెక్కా మారుతుంది. అందుకే దాన్ని ఒకసారి వేసి బీరువాలో దాచకూడదు, మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి.

ఇక మొదటి ప్రశ్న. నదికి ఒక ఇల్లు ఉందనుకోండి. ఒక గది, దాన్ని ఆనుకుని విశాలమైన వసారా. ఏడాదిలో ఎక్కువ రోజులు నది గదిలోనే సర్దుకుని ఉంటుంది. వానలు ముదిరి వాగులూ వంకలూ ఉపనదులూ చుట్టాల్లా ఒక్కసారే దిగినప్పుడు గది చాలదు. అందరూ వసారాలో పక్కలు పరుచుకుంటారు. నాలుగు రోజులుండి, వెళ్తూ వెళ్తూ ఇంత ఒండ్రు మట్టి పెట్టి పోతారు. అలా వేల ఏళ్లుగా నది తన మట్టితో తానే పరుచుకున్న వసారా అది. పుస్తకాల్లో దాన్ని వరద మైదానం అంటారు. చాలాకాలం చుట్టాలు రాకపోయేసరికి, ఖాళీగానే ఉంది కదా అని మనం అందులో సామాను పెట్టాం. ఇళ్లు, బడులు, బస్టాండులు. సామాను తడవకుండా గదికీ వసారాకీ మధ్య గోడ లేపాం. అదే కరకట్ట.

గోడ లేపినంత మాత్రాన చుట్టాలు రావడం మానరు కదా. గదిలోనే కిక్కిరిసి నిలబడతారు, నీటి మట్టం పైకి లేస్తుంది. మీ ఒడ్డున గోడ ఎత్తు పెంచితే ఆ ఒత్తిడి ఎదుటి ఒడ్డు వారి మీద పడుతుంది. గోడ ఉందన్న ధైర్యంతో మనం వసారాలో మరింత సామాను చేరుస్తాం. ఏ అర్ధరాత్రో గండి పడితే పూర్వం పదిళ్లు మునిగే చోట వెయ్యిళ్లు మునుగుతాయి. గోడకు ఇవతల కురిసిన వాన కూడా నదిలోకే పోవాలి. బయట నది ఎత్తుగా ఉంటే తూములు మూసుకోవాలి, అప్పుడు ఊరే చెరువవుతుంది. అమెరికాలో మిసిసిపీ నదికి కరకట్టలుంటే చాలని గట్టిగా నమ్మారు. 1927లో ఆ నది ఎన్నో చోట్ల గండ్లు పెట్టింది. మరుసటి ఏడాది తెచ్చిన చట్టం తరువాత, మిగులు నీరు పక్కకు పోయే దారులు కూడా తీయడం మొదలుపెట్టారు. కరకట్టలు వద్దని నేను అనడం లేదు. అవి ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కానీ వాటి మీదే భారమంతా వేయకూడదు.

మా చిన్నతనంలో మేమూ ఏటి పక్కనే పెరిగాం. వరద తీసిన మరునాడు మెత్తని ఒండ్రు మీద పరుగెత్తేవాళ్లం. మోకాలి దాకా దిగబడి, ఒకరినొకరు లాక్కుంటూ బయటపడేవాళ్లం. రెండు ఎండలు కాస్తే ఆ మట్టి పెంకుల్లా పగిలి అంచులు పైకి లేచేది. వాటి మీద అడుగేస్తే వచ్చే చప్పుడు కోసం తెల్లవారకముందే లేచేవాళ్లం. ఆ పల్లంలో పశువులు మేసేవి, పంటలు పండేవి, ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు "అది ఏటి జాగా" అనేవారు, అంతకు మించి వివరించేవారు కాదు. ఆ ఒక్క మాటలో ఎంత ప్రణాళిక ఉందో పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు కొన్ని దేశాలు ఆ వసారాను మళ్లీ ఖాళీ చేస్తున్నాయి. నెదర్లాండ్స్‌లో 1993లోనూ 1995లోనూ నదులు ఉప్పొంగాయి. రెండోసారి దాదాపు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. కరకట్టల దేశంగా పేరుపడ్డ ఆ దేశమే అప్పుడు గోడలు పెంచుకుంటూ పోవడం ఆపి, నదికి చోటిద్దామని ముప్పైకి పైగా ప్రదేశాల్లో పనులు చేపట్టింది. నైమేగన్ పట్టణం దగ్గర కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. అందుకోసం కొన్ని కుటుంబాలు ఇళ్లు వదులుకున్నాయి. ఇంకోచోట రైతులే ముందుకొచ్చి, పొలాల్లోకి వరదను రానిస్తాం, మా ఇళ్లూ పశువుల కొట్టాలూ ఎత్తైన దిబ్బల మీద కట్టుకుంటాం అన్నారు. అందరికీ దిబ్బ మీద చోటు దొరకలేదు, కొందరు వేరే ప్రాంతాలకు వెళ్లిపోయారు. సామాను తీయాలంటే ఎవరి సామాను ముందు తీయాలన్న ప్రశ్న వస్తుంది. గట్టిగా అడగలేని పేదవాళ్లదే ముందు తీసే ప్రణాళికను మంచి ప్రణాళిక అనలేం. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి.

వసారా ఖాళీ చేయడం కుదరనంతగా ఊరు పెరిగిపోతే, పెరటి వైపు ఇంకో దారి తీయాలి. కెనడాలో విన్నిపెగ్ నగరం అదే చేసింది. అక్కడి రెడ్ రివర్ ఉత్తరానికి పారుతుంది. వసంతం రాగానే దక్షిణాన ఉన్న ఎగువ ప్రాంతంలో మంచు ముందే కరుగుతుంది, దిగువన మాత్రం నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది! వచ్చే నీటికి ముందున్న దారి తెరుచుకోలేదన్నమాట. 1950లో ఆ నగరం మునిగి లక్ష మంది దాకా ఇళ్లు విడిచారు. ఆ నగరం ఉన్న మానిటోబా రాష్ట్రానికి తరువాత ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి వాడు, అయిన డఫ్ రాబ్లిన్ నగరం చుట్టూ 47 కిలోమీటర్ల కాలువ తవ్విద్దామన్నాడు. డబ్బు దండగ అని చాలామంది ఎగతాళి చేశారు, దానికి "డఫ్ గుంట" అని పేరుపెట్టారు. 1962లో మొదలైన పని 1968లో పూర్తయింది. 1997లో మహా వరద వచ్చింది. అదే నది మీద ఎగువన, అమెరికాలో ఉన్న గ్రాండ్ ఫోర్క్స్ పట్టణం మునిగిపోయింది. విన్నిపెగ్ నిలబడింది. అప్పటికి రాబ్లిన్‌కు ఎనభై ఏళ్లు కావస్తున్నాయి, అది చూసేందుకు ఆయన బతికే ఉన్నాడు. అయితే నీటిని ఆ కాలువలోకి మళ్లించేటప్పుడు ఎగువన మట్టం పెరుగుతుంది. కాబట్టి పెరటి దారి తీసినా పక్కింటి వారితో కూర్చుని మాట్లాడక తప్పదు. ఆ తరువాత గ్రాండ్ ఫోర్క్స్ కూడా నది పక్కన ఇళ్లున్న చోటును పెద్ద ఉద్యానవనంగా మార్చింది. ఇప్పుడు నది పొంగితే ముందుగా తడిసేది గడ్డి.

ఏళ్ల తరబడి ప్రణాళిక ఎందుకో ఇప్పుడు తెలిసిందా? కొలతలకు ఏళ్లు పడతాయి, భూమి సేకరించడానికి ఇంకొన్నేళ్లు, మనుషులను ఒప్పించడానికి అన్నిటికంటే ఎక్కువ. అంతటా నీళ్లున్నప్పుడు ఎవరైనా సరేనంటారు. నాలుగేళ్లు వరుసగా నది గదిలోనే ఉంటే, వసారాలో ఇంకో ఇల్లు కడితే ఏమవుతుందని అడుగుతారు. ప్రణాళిక గెలిచేదీ ఓడేదీ ఆ పొడి ఏళ్లలోనే.

నది ప్రవాహాన్ని ఎలా కొలుస్తారో, అలలను ఎలా లెక్కగడతారో కూడా రాద్దామనుకున్నాను. అది వద్దు. మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది, అది ఆలస్యమైతే కుదరదు. పెద్దవారిని ఎవరినైనా తోడు తీసుకుని వీధుల్లోకి వెళ్లండి, నీటిలోకి మాత్రం దిగవద్దు. గోడల మీద వరద వదిలిన మట్టి చార నేల నుంచి ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. వంతెన స్తంభాల మీద పాత వరద గుర్తులు ఉన్నాయేమో చూడండి. అందరికంటే వయసు మళ్లిన వారిని అడిగి, వాళ్ల చిన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కోండి. అవన్నీ ఒక పటంలో గీయండి. వరద పనుల గురించి పెద్దల సమావేశం జరిగిన రోజున ఆ పటం తీసుకెళ్లి బల్ల మీద పరచండి. సున్నం వేసేలోగా చారలు కొలవాలి, కాబట్టి ఈ ఆదివారమే బయలుదేరండి. నాకూ ఒక ప్రతి పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య