ఐర్లండ్, స్కాట్లండ్ పాటలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి ఆశీస్సులు.

వయొలిన్ క్లాసులో మీరు వాయించే ‘వందే మీనాక్షి’ నొట్టుస్వరం ఐర్లండ్ వరస అని తెలిసి, అలాంటివి ఇంకేం వినాలని అడిగారు. నిజమే. నొట్టుస్వరమంటే పాశ్చాత్య వరసకు కట్టిన పాట. ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన ఆ వరస పేరు ‘రేక్స్ ఆఫ్ మాలో’. మాలో అన్నది కార్క్ కౌంటీలో ఒక ఊరు.

‘సెల్టిక్ రిలాక్సింగ్ మ్యూజిక్’ అంటూ గంటలకొద్దీ వీడియోలు కనిపిస్తాయి. ఐర్లండ్, స్కాట్లండ్ సంగీతాన్ని కలిపి ‘సెల్టిక్’ అంటుంటారు. వాటి జోలికి పోకండి, నిద్రొస్తుంది.

ముందు 1973లో వచ్చిన ‘ప్లాంక్స్‌టీ’ వినండి. బృందం పేరూ అదే, ఆల్బం పేరూ అదే. మొదటి పాటలో ఒక దొరసాని మొగుణ్ణీ మేడనూ వదిలేసి జిప్సీల వెంట వెళ్లిపోతుంది. క్రిస్టీ మూర్ పాట ముగిసీ ముగియగానే, ఆపకుండా పాత హార్ప్ వరస ఒకటి అందుకుంటారు. అక్కడ లియమ్ ఓఫ్లిన్ వాయించే ఇలియన్ పైపులు వినాలి. ఆ మలుపును రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి వినండి. ఈ పైపులు పెరేడ్‌లో చూసే బ్యాగ్‌పైపులు కావు. వాటినీ, మన పల్లె కళాకారులు శ్రుతి పట్టే తిత్తినీ నోటితో ఊదుతారు. ఇలియన్ పైపులకు గాలి మోచేతి కింది కొలిమితిత్తి నుంచి వస్తుంది. కూర్చుని వాయిస్తారు, రెండు స్థాయిలు పలుకుతాయి.

వాద్యాల వరసలు వచ్చినప్పుడు చేత్తో తాళం వేసి చూడండి. తకిట తకిట అని పడితే జిగ్, తకధిమి అని పడితే రీల్. రెండూ అక్కడి నాట్యపు వరసలే. ఒక వరసను రెండు మూడుసార్లు తిప్పి, ఆగకుండా ఇంకోదాంట్లోకి దూకేస్తారు. ఎక్కడ దూకారో పట్టుకోవడమే సరదా.

అది అలవాటయ్యాక మార్టిన్ హేస్, డెనిస్ కాహిల్‌ల ‘లైవ్ ఇన్ సియాటిల్’. ఒక ఫిడేలు, ఒక గిటారు, అంతే. అందులో దాదాపు అరగంట సాగే ట్రాక్ ఒకటుంది. ఆలాపనలా మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి కాళ్లు ఆగవు. అరగంటా అని భయపడకండి, సెలవురోజు పెట్టుకోండి.

స్కాట్లండ్‌కి నా ఓటు గాయకుడు డిక్ గాకన్ ఆల్బం ‘హ్యాండ్‌ఫుల్ ఆఫ్ ఎర్త్’, 1981. తొలి పాటలో డంకన్ క్యాంబెల్ ఆర్గైల్ నుంచి వచ్చిన అసలు సిసలు స్కాట్లండ్ వాడే. ఎడిన్‌బరోలో ఒక పోలీసు అతని జుట్టు కత్తిరింపు చూసి ఐర్లండ్ వాడని తగులుకుంటాడు. డంకన్ చేతికర్రతో ఒక్కటిచ్చి పడవెక్కి పారిపోతాడు. యాస గట్టిది, మొదటిసారి సాహిత్యం ముందు పెట్టుకునే వినండి.

ఇట్లు,
మీ తాతయ్య