ఘాట్ ఎక్కే పికప్‌లో హీటర్ చల్లగాలి కొడితే

డిసెంబరులో తెల్లవారక ముందే శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే పికప్‌కి హీటర్ కావలసింది చలి కాచుకోవడానికి కాదు, ముందు అద్దం కోసం. అరకు వైపు చలి 10 డిగ్రీల లోపుకు దిగినప్పుడు, క్యాబిన్‌లో ముగ్గురు కూర్చుంటే వాళ్ల ఊపిరికే అద్దం లోపలివైపు మసకేస్తుంది. ఒక చేత్తో గుడ్డ, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని మలుపులు తిప్పాలి. కింద విజయనగరంలో ఏడాదంతా హీటర్ మీట ఎవరూ ముట్టుకోరు కాబట్టి, అది పాడైన సంగతి తెలిసేదీ ఆ మలుపుల్లోనే.

అసలు బండిలో హీటర్ ఉందా? చవక మోడళ్లలో ఉత్త బ్లోయరే ఇస్తారు. బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ నుంచి క్యాబిన్ రేకులోకి రెండు రబ్బరు గొట్టాలు పోతుంటే హీటర్ ఉన్నట్టే. ఆ రెంటినీ ఇంజిన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేసి ఉంటే మాత్రం, లోపల కారుతోందని ఎప్పుడో ఎవరో బైపాస్ చేశారన్నమాట. ఇక వెతకడం అనవసరం.

హీటర్‌కి వేరే మంట లేదు. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్‌లో కొంత, డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. చల్లగాలి వస్తోందంటే వేడినీళ్లు కోర్‌కి చేరడం లేదు, లేదా గాలి కోర్‌ని తాకడం లేదు.

మొదట చూడాల్సింది కూలెంట్ మట్టం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. ఆ మూత లోపల ఒత్తిడిని నిలబెట్టి కూలెంట్‌ని 100 డిగ్రీలు దాటినా మరగనివ్వదు. వేడి మీద తీస్తే అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కూలెంట్ తగ్గినప్పుడు గాలి ఎత్తుగా ఉన్న చోట చేరుతుంది, చాలా బళ్లలో ఆ చోటు హీటర్ కోరే. అందుకే డ్యాష్‌బోర్డ్‌లో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఇంకా మామూలుగా ఉండగానే హీటర్ చల్లబడుతుంది. దీన్ని హీటర్ జబ్బనుకుని వదిలేసి ఘాట్ ఎక్కితే, సగం దారిలో ఇంజిన్ కాగిపోతుంది.

మట్టం సరిగ్గా ఉంటే ముల్లు వైపు చూడండి. దీనికి ఘాట్‌ని మించిన పరీక్ష లేదు. ఎక్కేటప్పుడు ఇంజిన్ బరువు లాగుతుంది, వేడి పుష్కలం. దిగేటప్పుడు గేరులో వదిలితే డీజిల్ దాదాపు పడదు, వేడీ పుట్టదు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్. అది బాగుంటే అప్పుడు మూసుకుని, ఉన్న వేడిని కాపాడుతుంది. దిగేటప్పుడు ముల్లు బాగా కిందికి జారిపోతే అది తెరుచుకుని ఇరుక్కుందన్నా అనుకోవాలి, అసలు లేదన్నా అనుకోవాలి. వేసవిలో బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకి పారేయడం మనవైపు షెడ్లలో పాత అలవాటు. అది వైద్యం కాదు. ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే వేడినీళ్లు రేడియేటర్‌కి పోకుండానే అడ్డదారిలో తిరిగి వచ్చి, ఏ హీటు తగ్గాలని పీకారో అదే పెరుగుతుంది.

థర్మోస్టాట్‌ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. లోపల వేడికి ఉబ్బే మైనం ఉంటుంది. దారంతో కట్టి గిన్నెడు నీళ్లలో, అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాయండి. మీద ముద్రించిన అంకె, సాధారణంగా 82 లేదా 88, దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. చన్నీళ్లలోనే సందు కనిపిస్తే మార్చడమే.

తర్వాత ఆ రెండు గొట్టాలు. ఇంజిన్ వేడెక్కాక హీటర్ మీట పూర్తి వేడికి తిప్పి, మందపాటి గుడ్డతో తాకి చూడండి. ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా ఉండాలి. రెండూ వేడిగా ఉంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి. తప్పు డ్యాష్‌బోర్డ్ లోపలి గాలి తలుపుది. దాన్ని తిప్పే కేబుల్ క్లిప్ ఊడి ఉంటుంది, లేదా చిన్న మోటారు పళ్లు అరిగి టిక్కుటిక్కుమంటుంది. రెండూ చల్లగా ఉంటే నీటి వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు, గాలి పట్టి ఉండొచ్చు. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడింది.

పూడడానికి కారణం చాలాసార్లు బోరు నీళ్లే. టీ గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే కోర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. దానికి తుప్పు తోడవుతుంది. రెండు గొట్టాలూ ఊడదీసి, నీళ్లు బయటికి వచ్చే వైపు నుంచి మామూలు తోట పైపుతో మెల్లగా ఎదురు నీళ్లు పెట్టండి. తేటనీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. పంచరు షాపు కంప్రెసర్ గాలి కొట్టొద్దు. సుమారు ఒక బార్ ఒత్తిడిలో పనిచేసే కోర్ దానికి పగులుతుంది. బాత్రూం యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది.

తిరిగి నింపేటప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. కలిపి అమ్మే రకమైతే నీళ్లు కలపక్కర్లేదు. ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేలా బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. చల్లటి ఇంజిన్‌కి మూత తీసే ఉంచి, హీటర్ మీట పూర్తి వేడిలో పెట్టి, మెల్లగా పోయండి. తర్వాత స్లో రన్నింగ్‌లో వదిలేస్తే, థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు రేడియేటర్ పై గొట్టం వేడెక్కి బుడగలు వస్తాయి. మట్టం దిగినంతా పోసి, బుడగలు ఆగాక మూత బిగించండి. గాలి వదలడానికి మరను ఇచ్చిన ఇంజిన్లలో దాన్నీ విప్పాలి. బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే అది గాలి కాదు, సిలిండర్లకూ వాటి మీది హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ దాటి వస్తున్న సిలిండర్ వాయువు. ఆ బండితో ఘాట్ ఎక్కొద్దు.

క్యాబిన్‌లో తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మసక, ఎడమవైపు కాళ్ల దగ్గర మ్యాట్ తడి ఉంటే కోర్ కారుతోంది, మార్చాల్సిందే. డ్యాష్‌బోర్డ్ విప్పే పని కాబట్టి ఖర్చులో ఎక్కువ కూలీయే.

తీసిన పాత కూలెంట్‌ని కాలువలో పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలూ పశువులూ నాకి చస్తాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట అడిగి ఇవ్వండి. ఆయిల్‌తో మాత్రం కలపకండి.