పరిశుద్ధపరచబడియున్నామా, పరచబడుతున్నామా?

హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో నాలుగు వచనాల ఎడంతో ఒకే క్రియ రెండు రూపాల్లో కనిపిస్తుంది. 10వ వచనంలో “పరిశుద్ధపరచబడియున్నాము”: పని అయిపోయింది. 14వ వచనంలో “పరిశుద్ధపరచబడువారిని”: పని నడుస్తోంది. గ్రీకులో ఉన్న తేడానే తెలుగు అనువాదం నిలబెట్టింది, చదివేటప్పుడు మనమే దాటేస్తాం. పరిశుద్ధత మీద సంఘాల్లో శతాబ్దాలుగా నడిచిన తగువులో చాలా భాగం ఈ రెండు రూపాల్లో దేనికి ఎంత బరువివ్వాలన్నదే.

పాత నిబంధనలో పరిశుద్ధం అంటే ముందుగా దేవుని కోసం వేరుచేసినది. మందిరపు పాత్రను ప్రతిష్ఠించాక అది మామూలు వాడకానికి రాదు. పాత్ర లోహం మారలేదు, అది ఎవరిదన్నదే మారింది. కొరింథు సంఘాన్ని పౌలు “పరిశుద్ధపరచబడినవారు” అని పిలిచింది ఈ అర్థంలోనే. ఎందుకంటే అదే పత్రికలో, ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలు వేసుకుంటున్నారని, ప్రభురాత్రి భోజనం దగ్గర మత్తుగా ఉంటున్నారని వాళ్లనే మందలించాడు. హోదా వచ్చింది, నడత ఇంకా రాలేదు. థెస్సలొనీకయులకు రాసేటప్పుడు మాత్రం అదే మాటను నడతకే వాడాడు.

లాటిన్‌లో చదువుకున్న సంఘ బోధకుడు అగస్టీన్ (354–430), దేవుడు పాపిని నీతిమంతునిగా తీర్చడమంటే నీతిమంతుణ్ణి చేయడం అనే అర్థం తీసుకున్నాడు. దాంతో క్షమాపణ, గుణంలో మార్పు కలిసిపోయాయి. పశ్చిమ సంఘం దాదాపు వెయ్యేళ్లు అలాగే ఆలోచించింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు వేరే దారిలో, “దేవస్వభావమునందు పాలివారగుట” అన్న పేతురు మాట చుట్టూ తమ బోధను కట్టుకున్నాయి.

జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ ఆ కలిపిందాన్ని విడదీశాడు: విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడు, పాపి కూడా. చిక్కు సొంత ఇంట్లోనే వచ్చింది. 1530ల చివర్లో ఆయన సహచరుడు యోహాన్ అగ్రికోలా, విశ్వాసులకు ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదని వాదిస్తే లూథరే ఖండించాల్సి వచ్చింది. నీతిమంతులుగా తీర్చబడటం క్షమాపణ ఒక్కటే కాదు, అంతరంగం పరిశుద్ధమై నూతనమవడం కూడా అని 1547 జనవరిలో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ తీర్మానించింది. మరో సంస్కర్త కాల్విన్ అయితే నీతిమంతునిగా తీర్చబడటం, పరిశుద్ధపరచబడటం అనే రెండు కృపలనూ వేరుగా చూపిస్తూనే, అవి విడిపోవన్నాడు. 1559 నాటి తన ‘ఇన్‌స్టిట్యూట్స్’ గ్రంథపు చివరి కూర్పులో నూతన జీవితాన్ని ముందు పెట్టి, నీతిమంతునిగా తీర్చబడటాన్ని తర్వాత వివరించాడు. క్రియలు లేని విశ్వాసాన్ని తాము బోధిస్తున్నామన్న నిందకు ఆ వరుసే జవాబు. కాల్విన్ బాటలోని 1647 నాటి ఇంగ్లండ్ వెస్ట్‌మిన్‌స్టర్ సంక్షిప్త ప్రశ్నోత్తరి ఇంకా పొదుపుగా తేల్చింది: నీతిమంతునిగా ఎంచడం దేవుడు ఒక్కసారి చేసే చర్య, పరిశుద్ధపరచడం ఆయన చేస్తూ ఉండే పని.

పరిశుద్ధతను వారం వారం చేసే సాధనగా మార్చినవాడు ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనామందిరం అప్పు తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండుమంది చొప్పున గుంపులు చేసి, మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు పెట్టారు. డబ్బుకోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు ఎవరి బతుకు ఎలా ఉందో తెలిసొచ్చింది. దాంతో వసూలు గుంపే ఆత్మీయ పరామర్శ గుంపయింది. అంతకన్నా చిన్నవైన ‘బ్యాండ్’లకు 1738లోనే నియమాలున్నాయి. కిందటి కూడిక తర్వాత తెలిసి చేసిన పాపాలేవి, ఎదురైన శోధనలేవి, వాటినుంచి ఎలా బయటపడ్డావు అని ఒక్కొక్కరినీ అడిగేవారు.

దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించే స్థితి ఈ జన్మలోనే సాధ్యమన్నాడు వెస్లీ. దానికి ‘పరిపూర్ణత’ అని పేరు పెట్టడంతోనే తంటా వచ్చింది. తెలియక చేసే పొరపాట్లు, బలహీనతలు అప్పటికీ ఉంటాయని ఆయన పదేపదే రాశాడు. వినేవాళ్లు ఆ సగం వదిలేశారు. లండన్‌లో జార్జ్ బెల్ అనే అనుచరుడు 1763 ఫిబ్రవరి 28న లోకం ముగుస్తుందని ప్రకటించాడు. ఆ రాత్రి వెస్లీ దానికి వ్యతిరేకంగానే ప్రసంగించాడు. పరిపూర్ణత మీద 1766లో వచ్చిన ఆయన వివరణ గ్రంథం వెనక ఈ గాయం ఉంది.

అమెరికాలో మెథడిస్టు బోధకురాలు ఫీబీ పామర్ ఆ స్థితికి దారిని దగ్గర చేసింది. “అర్పణను పరిశుద్ధపరచేది బలిపీఠమే” కాబట్టి, నిన్ను నువ్వు పూర్తిగా అర్పించుకో, అంగీకరించాడని నమ్ము, సాక్ష్యం చెప్పు: మూడే మెట్లు. సందేహించేవాళ్లకు ఇది ఊరటే, కానీ మార్పు కనిపించనివాళ్లకు నెపం తమ విశ్వాసం మీదే పడేది. 1875లో ఇంగ్లండ్‌లో మొదలైన కెజ్విక్ కూడికలు, దేవునికి పూర్తిగా లొంగి నమ్మితే పాపం మీద గెలుపు వస్తుందని బోధించాయి. ఆ బోధ మీద ఆంగ్లికన్ బోధకుడు జె.సి. రైల్ అభ్యంతరం కూడా ఇలాంటిదే: పోరాటం, మెలకువ, ప్రయాస మాటేమిటని.

పెంతెకొస్తు ఉద్యమం ఇదే చీలికను వారసత్వంగా తెచ్చుకుంది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ మారుమనస్సు తర్వాత పరిశుద్ధతను రెండో అనుభవంగా, ఆత్మ బాప్తిస్మాన్ని మూడోదిగా బోధించాడు. 1910 నుంచి విలియం డర్హమ్ అనే బోధకుడు ఆ రెండో మెట్టు తీసేశాడు: సిలువలో అంతా ముగిసింది, మిగిలింది ఎదుగుదలే. 1914లో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల కూటమి డర్హమ్ బాటే పట్టింది.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ సమాఖ్య, కాథలిక్ సంఘం నీతిమంతులుగా తీర్చబడటం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. ‘నీతిమంతుడు, పాపి కూడా’ అన్న లూథర్ పాత వాక్యం దగ్గర మాత్రం రోమ్ అంతకు ముందు ఏడాదే పేచీ పెట్టడంతో అనుబంధం చేర్చాల్సి వచ్చింది. బాప్తిస్మం తర్వాత కూడా మనిషిలో మిగిలే చెడు లాగుడును లూథరన్లు పాపమే అంటారు. కాథలిక్కులు అది పాపంలోంచి పుట్టి పాపానికి ఈడ్చేదే గాని, అసలైన అర్థంలో పాపం కాదంటారు.