చందా పుస్తకం నుంచి పన్ను రసీదు దాకా

బజారు వీధికి దీపాలు కట్టించడానికి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పది షాపులవాళ్లు ఇస్తే పదకొండో ఆయన “రేపు రండి” అంటాడు. దీపాలు మాత్రం ఆయన షాపు ముందూ వెలుగుతాయి. టౌన్ సెంటర్‌ను వ్యాపారులు, మున్సిపాలిటీ కలిసి చూసుకునే పద్ధతికి మూలం ఈ పదకొండో ఆయనే.

1960లలో కెనడాలోని టొరంటోలో, బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారుకు బేరాలు తగ్గాయి. 1964లో యార్క్‌డేల్ అనే పెద్ద మాల్ తెరిచారు. కార్లున్నవాళ్లు అటు మళ్లారు. 1968లో సబ్‌వే రైలు ఇటు వచ్చింది, వీధిలో ట్రామ్ నడవడం ఆగిపోయింది. ట్రామ్ కిటికీలోంచి షాపుల అద్దాలు చూస్తూ పోయే జనం ఇప్పుడు నేల కిందనుంచే వెళ్లిపోసాగారు. వ్యాపారుల సంఘం ఉంది గానీ చందా ఇష్టమైతేనే. దానితో ఎన్ని బెంచీలు వేయగలరు, ఎన్ని మొక్కలు నాటగలరు?

అందుకని చట్టమే కావాలని అడిగారు. టొరంటో ఉన్న రాష్ట్రం ఆంటారియో. అక్కడి ప్రభుత్వం సరేనంది. 1970లో ప్రపంచంలోనే మొదటి ‘బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ ఏరియా’ అక్కడ ఏర్పడింది. గీత గీసిన హద్దులో ఉన్న వ్యాపారులందరి దగ్గరా ఆస్తి పన్నుతోపాటు అదనంగా కొంత నగరమే వసూలు చేస్తుంది, ఆ డబ్బును వాళ్ల బోర్డుకే ఇచ్చేస్తుంది. “రేపు రండి” అనడానికి వీల్లేదు. కొద్ది ఏళ్లలోనే ఇది అమెరికాకూ పాకింది.

బ్రిటన్ మాత్రం ముందు చందా దారినే నడిచింది. ఊరి బయట మాల్స్ దెబ్బకు 1980లలో ‘టౌన్ సెంటర్ మేనేజర్’ అనే ఉద్యోగం పుట్టింది. జీతానికి కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) కొంత, మార్క్స్ అండ్ స్పెన్సర్, బూట్స్ లాంటి పెద్ద షాపులు కొంత ఇచ్చేవి. మిగతావాళ్లు ఊరికే చూసేవాళ్లు. మళ్లీ పాత కథే. చివరికి 2003లో ఇంగ్లండ్, వేల్స్‌లకు చట్టం వచ్చింది, 2005 జనవరిలో లండన్‌లోని కింగ్‌స్టన్‌లో మొదటి ‘బిడ్’ (బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, టొరంటోలాంటి ఏర్పాటే) మొదలైంది. బిడ్ కావాలా వద్దా అని అక్కడి వ్యాపారులే ఓటేస్తారు. ఇందులో నాకు నచ్చింది ఆ ఓటింగ్ పద్ధతి. ఓట్ల సంఖ్యలో మెజారిటీ రావాలి, ఓటేసినవాళ్ల ఆస్తుల పన్ను విలువలోనూ రావాలి. దీంతో పెద్ద షాపులు చిన్నవాళ్లను తొక్కేయలేవు, చిన్నవాళ్లు గుంపుగా చేరి పెద్ద షాపుల మీద భారం వేయలేరు. అయిదేళ్లు దాటితే మళ్లీ ఓటు.

అయితే ఓటు పన్ను కట్టేవాళ్లకే. పక్క సందులో కాపురముండే మనిషికి లేదు.

మన దేశంలో తలుపు ఇంకోవైపు నుంచి తెరుచుకుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలంది. పోలీసులు, ట్రాఫిక్ విభాగం, వర్తక సంఘాలు, కాలనీ సంఘాలు అందులో ఉంటాయి. కనీసం 40 శాతం సీట్లు తోపుడు బండ్లవాళ్లు, పేవ్‌మెంట్ మీద అమ్మేవాళ్లు తమలోంచి ఎన్నుకున్నవాళ్లవి, వాటిలో మూడో వంతు ఆడవాళ్లకు. టొరంటోలో డబ్బుంది, బండివాడికి కుర్చీ లేదు. ఇక్కడ కుర్చీ ఉంది, కమిటీకి తనదంటూ పన్ను రాబడి లేదు. అధ్యక్షుడు మున్సిపల్ కమిషనరే.