చెత్తదిబ్బ మూశాక ఆ నేల ఎవరికి? తిరుపతి డంపింగ్ యార్డు వెనుక కథ

తిరుపతి నగరం తన చెత్తను చాలా ఏళ్లపాటు రామచంద్రాపురం మండలంలోని రామాపురానికి లారీల్లో తరలించి గుట్టలుగా పోసింది. పాత చెత్తను బయోమైనింగ్‌తో, అంటే గుట్టను తవ్వి జల్లెడ పట్టి వేరుచేసే పద్ధతితో, తొలగించడం మొదలయ్యాక, ఖాళీ అయ్యే స్థలాన్ని ఏం చేయాలన్న ప్రశ్న సహజంగానే ముందుకొచ్చింది. ఇలాంటి చోట్ల పార్కు అన్న మాట అందరి నోటికీ ముందుగా వస్తుంది. అయితే దిబ్బను ఏ పద్ధతిలో మూశారన్న దాన్ని బట్టే ఆ నేల మీద ఏం చేయవచ్చో తేలుతుంది కనుక, మూసివేతను, తరువాతి వాడకాన్ని రెండు వేర్వేరు ఫైళ్లుగా నడపడం సరికాదు.

తిరుపతి మున్సిపాలిటీ 1886లో ఏర్పడింది. ఆ కాలంలో పట్టణాల కుప్పలో ఎక్కువ భాగం విస్తరాకులు, పేడ, బూడిద, కూరగాయల తొక్కలు. కుళ్లి ఎరువయ్యే సరుకు కాబట్టి రైతులు దాన్ని బండ్లకెత్తుకుని పొలాలకు తోలుకునేవారు. 1920ల నుంచి 1930ల ఆరంభం వరకు ఇండోర్‌లో, ఆ తరువాత బెంగళూరులో రూపుదిద్దుకున్న కంపోస్టు పద్ధతులను చాలా మున్సిపాలిటీలు అనుసరించడానికి కారణం కూడా అదే. ప్లాస్టిక్ సంచి వచ్చాక ఈ లెక్క తప్పింది. కవర్లు, గాజు పెంకులు కలిసిన కుప్పను ఏ రైతూ పొలంలో వేసుకోడు. వద్దన్నదాన్ని ఊరి బయట పారబోయడం తప్ప మున్సిపాలిటీలకు మరో దారి తోచలేదు.

తిరుపతికి అదనపు బరువు ఒకటుంది. 2011 జనగణన ప్రకారం నగర జనాభా సుమారు 2.87 లక్షలే అయినా, కొండకు వచ్చే భక్తులు రోజుకు పదుల వేలల్లో ఉంటారు. వాళ్లు బస్టాండులో, లాడ్జీల్లో, హోటళ్లలో వదిలే విస్తళ్లు, నీళ్ల సీసాలు, కొబ్బరి చిప్పలు జనాభా లెక్కలో కనిపించవు, చెత్త లారీలో మాత్రం కనిపిస్తాయి. 2007లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. నగరం పెరిగిన కొద్దీ భారం పక్క పంచాయతీ మీద పడింది. రామాపురం ప్రజలు యార్డు వద్దంటూ ఆందోళనకు దిగారు. దుర్గంధం, ఈగలు, బావుల్లోకి దిగే చెత్త ఊట గురించి వారు చెప్పినవి ఏ డంపింగ్ యార్డు పక్క ఊరిలోనైనా వినిపించే మాటలే.

చట్టం వైపు నుంచి చూస్తే, ఈ కథ 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో మొదలవుతుంది. కోర్టు నియమించిన కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది; 2000లో మున్సిపల్ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లు 2003 చివరికి పూర్తి కావాలని అవి గడువు పెట్టాయి. దేశంలో ఆ గడువును పాటించిన నగరాలు బహు తక్కువ. 2016 నియమాలు మరో అడుగు వేసి, పాత దిబ్బలన్నిటినీ పరిశీలించి, వీలైతే బయోమైనింగ్ చేయాలని, వీలుకాని చోట శాస్త్రీయంగా కప్పి మూయాలని, ఇదంతా ఐదేళ్లలో జరగాలని ఆదేశించాయి. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ ఈ పాత చెత్త తొలగింపునే ప్రధాన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. అదే ఏడాది నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో లక్ష నుంచి పది లక్షల జనాభా గల నగరాల్లో తిరుపతికి మూడో ర్యాంకు దక్కింది. తిరుపతి దగ్గరి తూకివాకం వద్ద తడిచెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు, కట్టడాల శిథిలాలను తిరిగి వాడుకునే ప్లాంటు రావడంతో, రోజువారీ చెత్తనంతా కొత్త గుట్టగా పోయవలసిన అవసరం తగ్గింది. ఆ ప్లాంట్లు ఆగకుండా నడిస్తేనే పాత దిబ్బ మూసివేతకు అర్థం ఉంటుంది.

కప్పి మూయడం ఒక దారి. 2016 నియమాల ప్రకారం దిబ్బ మీద నీరు చొరబడని 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దానిపై నీరు జారిపోయే 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కల కోసం 45 సెంటీమీటర్ల మట్టి వేయాలి. దిబ్బ స్థిరపడే వరకు వేర్లు 30 సెంటీమీటర్లకు మించి దిగని, తినడానికి పనికిరాని మొక్కలే పెంచాలి. అంటే మామిడి, వేప నాటడానికి వీల్లేదు. మీథేన్ వాయువును, ఊటను, భూగర్భ జలాన్ని 15 ఏళ్లు గమనిస్తూ ఉండాలి. ఆ గడువు ముగిశాక కూడా, పరీక్షల్లో ప్రమాణాలు సరిపోయి, నేల గట్టిపడిందని తేలితేనే నివాసానికో మరో పనికో అనుమతి. ముంబైలోని మలాడ్‌లో మూసిన దిబ్బ మీద లేచిన ఐటీ కార్యాలయాల్లో, కింది నుంచి వచ్చే వాయువుల వల్ల కంప్యూటర్ల భాగాలు తుప్పు పట్టాయన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. న్యూయార్క్‌లోని ఫ్రెష్ కిల్స్ దిబ్బ 1948లో మొదలై 2001లో మూతపడింది. 2,200 ఎకరాల ఆ స్థలాన్ని పార్కుగా మార్చే పని దశాబ్దాలుగా విడతలుగా సాగుతూనే ఉంది.

బయోమైనింగ్ రెండో దారి. గుట్టను తవ్వి వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్ని వారాలపాటు తిరగేస్తారు. ఆరిన సరుకును ట్రామెల్ అనే తిరిగే జల్లెడలో పోస్తే మట్టి కిందికి రాలుతుంది, రాళ్లూ ప్లాస్టిక్కూ వేరుపడతాయి. పాత చీరలు, గోనె పట్టాలు జల్లెడ కన్నాలకు చుట్టుకుంటాయి. యంత్రం ఆపి కత్తితో కోసి తీయవలసిందే. ఏళ్ల కిందట పారేసిన పాల ప్యాకెట్లు చిరగకుండా బయటపడతాయి. కాలేవన్నీ సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు పోతాయి, రాళ్లు గుంతలు పూడ్చడానికి పనికొస్తాయి. జల్లెడ కిందికి రాలిన మట్టిని ఎరువంటూ పొలాలకు ఇచ్చే ముందు సీసం, క్రోమియం వంటి భార లోహాల పరీక్ష తప్పనిసరి. తొందరలో జారిపోయే పని ఇదే. దిబ్బ పూర్తిగా పోతే నేల నిజంగానే తిరిగి చేతికొస్తుంది, పదిహేనేళ్ల నిరీక్షణ చాలావరకు తప్పుతుంది. అయితే ఏళ్ల తరబడి కిందికి ఇంకిన ఊట జల్లెడకు చిక్కదు.

ఈ ప్రాంతంలో దీనికి మరింత ప్రాధాన్యం ఉంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఒక్కసారిగా కురుస్తాయి. 2021 నవంబరులో ఇదే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. అంత వాన పడినప్పుడు దిబ్బ నీరు ఏ వాగు మీదుగా ఏ చెరువుకు చేరుతుందో చూడకుండా వేసే ప్లాను కాగితానికే పరిమితమవుతుంది.

స్థలాన్ని మళ్లీ చెత్తకే వాడుకోవాలనే ఆలోచనకు కూడా ఒక అడ్డంకి ఉంది. చెత్త పూడ్చే స్థలం విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలని, ప్రత్యేక అనుమతితో పది కిలోమీటర్ల వరకు మాత్రమే సడలింపు ఉంటుందని 2016 నియమాలు చెప్పాయి. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం చుట్టూ ఆ గీత గీస్తే తిరుపతి నగరమంతా లోపలే ఉంటుంది.

ఇక సముదాయ వాడకం సంగతి. చెత్త నగరానిది, వాసన పల్లెది. ప్లాను మాత్రం నగరం తయారుచేస్తే, రామాపురం వాళ్లకు దక్కేది ప్రారంభోత్సవ శిలాఫలకమే. ముందుగా చుట్టుపక్కల బావుల నీటిని వానకు ముందు, వాన తరువాత పరీక్షించి ఫలితాలను పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. ఆ తరువాత గ్రామసభలో ఆటస్థలమా, పశుగ్రాసం కాని చెట్ల తోపా, సౌర ఫలకలా అన్నది చర్చించాలి. దిబ్బ మీద చిత్తుకాగితాలు, సీసాలు ఏరి బతికినవాళ్లకు పొడిచెత్త వేరుచేసే కేంద్రాల్లో పని చూపాలి; 2016 నియమాలు వాళ్లను వ్యవస్థలో కలుపుకోవాలనే చెప్పాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కంచె, కాపలా, నీటి పరీక్షల ఖర్చు ఏటా కార్పొరేషన్ బడ్జెట్‌లో ఏ పద్దు కింద వస్తుందో తీర్మానంలోనే రాయించుకోవాలి. కాంట్రాక్టరు బిల్లు చెల్లించిన మరుసటి ఏడాది నుంచి ఆ ఖర్చు భరించడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు.