పైన్ తోటల కింద మపూచేల భూమి

1997 డిసెంబరులో దక్షిణ చిలీలోని లుమాకో దగ్గర కలప లారీలు తగలబడ్డాయి. మపూచే ఆదివాసులకూ కలప కంపెనీలకూ గొడవ అక్కడే మొదలైందన్నట్టు చాలామంది రాస్తుంటారు. కానీ ఈ తగాదా వందేళ్ల పైబడినది.

మపూచే అంటే వాళ్ల భాషలో నేల మనుషులు. స్పెయిన్ పూర్తిగా లొంగదీసుకోలేకపోయిన ఈ జనాన్ని 1861–83 మధ్య చిలీ సైన్యం ఓడించింది. ఆ తర్వాత 1929 దాకా వాళ్లకిచ్చిన పట్టాలన్నీ కలిపినా సుమారు 5 లక్షల హెక్టార్లే. మిగతాది వలస వచ్చినవాళ్లకూ పెద్ద ఎస్టేట్లకూ వెళ్లింది.

1960ల్లో మొదలై సోషలిస్టు అధ్యక్షుడు అయెందే కాలంలో ఊపందుకున్న భూసంస్కరణల్లో ఆ భూమి కొంత మపూచేల చేతికొచ్చింది. 1973లో సైనిక నియంత పినోచే గద్దెనెక్కాక అది మళ్లీ పోయింది. కొంత పాత యజమానులకు, కొంత చౌకగా కలప కంపెనీలకు.

మరుసటి ఏడు వచ్చిందే 701వ డిక్రీ, అంటే చెట్ల పెంపకంపై ఆ సర్కారు తెచ్చిన శాసనం. చెట్లు నాటే ఖర్చులో 75 శాతం దాకా సర్కారే ఇస్తుందన్న మాటే అందరూ చెప్తారు. నాకు మాత్రం అందులోని ఇంకో నిబంధనే అసలు మెలిక అనిపిస్తుంది: అడవులకు అనువైనదని నమోదైన భూమిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోకూడదు. అంటే చెట్టు నాటితే, భూసంస్కరణ మళ్లీ ఆ వైపు రాకుండా తలుపు మూసినట్టే!

నాటినవి కాలిఫోర్నియా పైన్, ఆస్ట్రేలియా జామాయిల్. జామాయిల్‌ను పదీ పన్నెండేళ్లకు నరికి కాగితపు గుజ్జు మిల్లుకు పంపుతారు, మళ్లీ నాటుతారు. ఈ చెట్లు నీళ్లు బాగా తాగుతాయి. వేసవిలో బావులెండి, ట్యాంకరు కోసం ఎదురుచూసే పల్లెలు చాలానే ఉన్నాయి. వైద్యం చేసే మాచీలు మందు మొక్కలు ఏరుకునే చిత్తడి నేలలూ తగ్గిపోయాయి.

1998 తర్వాత ఆ సబ్సిడీని చిన్న రైతుల వైపు మళ్లించారు. దాంతో కొందరు మపూచేలూ జామాయిల్ వేశారు (అవసరాలు అలాంటివి మరి). 2012తో సబ్సిడీ గడువు తీరింది.

1993 ఆదివాసీ చట్టం కింద వివాదంలో ఉన్న భూములు కొనడానికి నిధి పెట్టారు. నిదానంగా కొంటున్నారు. ఈలోగా ఆందోళన చేసినవాళ్ల మీద పినోచే కాలపు ఉగ్రవాద నిరోధక చట్టం ప్రయోగించారు. 2014లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం చిలీని తప్పుపట్టింది. ఆ తీర్పు ఆ చట్టం గురించీ, దాని కింద వాళ్లను విచారించి శిక్షించిన తీరు గురించీ. భూమి ఎవరిదన్న ప్రశ్న ఆ కేసులో లేదు.