ఈవుడ్ పార్క్‌లో కోడి

2012 మే 7, సోమవారం రాత్రి. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊళ్లో, ఈవుడ్ పార్క్ స్టేడియంలో ఆ ఊరి క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌కీ విగాన్ జట్టుకీ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. గ్యాలరీలోంచి ఎవరో ఒక కోడిని మైదానంలోకి వదిలారు. దాని ఒంటికి బ్లాక్‌బర్న్ రోవర్స్ జెండా చుట్టి ఉంది. ఆటగాళ్ల మధ్య అది అటూ ఇటూ తిరుగుతుంటే కొంతమంది నవ్వారు, చాలామంది నవ్వలేదు. ఆ రాత్రి 87వ నిమిషంలో విగాన్ గోల్ కొట్టింది. రోవర్స్ 0-1తో ఓడి, అక్కడి పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి జారిపోయింది. మళ్లీ పైకి రాలేదు.

కోడే ఎందుకంటే, క్లబ్ యజమానులు కోళ్ల వ్యాపారులు. అదీ మనకు బాగా తెలిసినవాళ్లు. మన ఊళ్లలో చికెన్ కొట్టు మీద కనిపించే వెన్‌కాబ్ బోర్డు వాళ్లదే. బండా వాసుదేవరావు 1971లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్ హైదరాబాద్‌లో పుట్టి పుణెకు చేరింది. 1982లో గుడ్డు ధరను రైతులే నిర్ణయించుకోవాలని ఏర్పడ్డ ‘నెక్’ వెనక ఉన్నదీ ఆయనే. కోళ్ల ఫారాల వాళ్లు ఇవాళ్టికీ పొద్దున్నే చూసుకునే గుడ్డు రేటు ఆ సంస్థ ఇచ్చేదే. ఆయన 1996లో పోయారు. పిల్లలు అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు 2010 నవంబర్‌లో 23 మిలియన్ పౌండ్లు పెట్టి రోవర్స్‌ని కొన్నారు. అప్పటి లెక్కలో 160 కోట్ల రూపాయల పైచిలుకు. క్లబ్ అప్పులు కూడా నెత్తిన వేసుకున్నారు. ప్రీమియర్ లీగ్ క్లబ్ ఒకటి భారతీయ కంపెనీ చేతికి రావడం అదే మొదటిసారి.

అప్పటినుంచి ఆ ఊరికీ ఈ కుటుంబానికీ పడటం లేదు. బయటివాళ్లు వచ్చి పాతకాలపు క్లబ్‌ని పాడుచేశారని కొందరంటారు. తెల్లవాళ్లకి మనవాళ్లు యజమానులైతే గిట్టదని మన దగ్గర కొందరంటారు. రెండూ తేలిక మాటలే. క్లబ్ పుట్టుక నుంచి చూసుకుంటూ వస్తే గొడవ ఇంకో రకంగా కనిపిస్తుంది.

రోవర్స్ పుట్టింది 1875 నవంబర్ 5న, సెయింట్ లెజర్ హోటల్లో జరిగిన ఒక మీటింగ్‌లో. పిలిచినవాళ్లు జాన్ లూయిస్, ఆర్థర్ కాన్‌స్టంటైన్. వచ్చినవాళ్లలో ఎక్కువమంది బ్లాక్‌బర్న్ గ్రామర్ స్కూల్లో చదివిన, కాస్త కలిగిన ఇళ్ల కుర్రాళ్లు. ఊరేమో మిల్లుల ఊరు. దూది వడికే తీరునే మార్చేసిన స్పిన్నింగ్ జెన్నీని తయారుచేసిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఆ పక్క ఊరివాడే. శనివారం మధ్యాహ్నం మిల్లు కట్టేస్తే కార్మికులకి దొరికిన వినోదం ఫుట్‌బాల్. ఊరి ధ్యేయవాక్యం ‘నైపుణ్యంతో, శ్రమతో’ అన్న లాటిన్ మాట. క్లబ్ కూడా దాన్నే పెట్టుకుంది.

అప్పట్లో ఫుట్‌బాల్‌కి డబ్బు తీసుకోవడం తప్పు. లండన్ దొరల దృష్టిలో ఆట పెద్దమనుషుల సరదా, కూలికి ఆడటం నామోషీ. లాంకషైర్ మిల్లు యజమానులు మాత్రం స్కాట్లండ్ నుంచి మంచి ఆటగాళ్లని రప్పించి, పేరుకి ఏదో పని చూపించి, చాటుగా డబ్బిచ్చేవాళ్లు. అలా వచ్చినవాడే ఫెర్గస్ సూటర్. గ్లాస్గోలో రాళ్లు చెక్కే పని. ముందు పక్క ఊరు డార్వెన్‌కి ఆడాడు, 1880లో రోవర్స్‌కి మారాడు. డార్వెన్ వాళ్లు కోపంతో ఊగిపోయారు. డబ్బు కోసమే పోయాడన్నారు, బహుశా నిజమే. ఇంగ్లండ్‌లో తొలి ప్రొఫెషనల్ ఆటగాళ్ల పేర్లు చెప్పేటప్పుడు ముందు వినిపించేది అతని పేరే. డార్వెన్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1882లో ఇంగ్లండ్‌లో పెద్ద నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్లో రోవర్స్ ఓల్డ్ ఈటోనియన్స్ చేతిలో ఓడింది. అది దొరల బిడ్డలు చదివే ఈటన్ స్కూలు పాత విద్యార్థుల జట్టు. మరుసటి ఏడాది అదే దొరల జట్టుని ఓడించింది బ్లాక్‌బర్న్ జట్టే, కానీ రోవర్స్ కాదు. ఊళ్లోని ఇంకో జట్టు, ఒలింపిక్. మిల్లు కార్మికులున్న జట్టు. ఊరికి గర్వం, రోవర్స్‌కి కడుపుమంట. ఆ మంట ఊరికే పోలేదు. 1884, 85, 86 వరసగా మూడేళ్లు కప్పు రోవర్స్‌దే. 84లో ఫైనల్ చూడ్డానికి లండన్ వచ్చిన బ్లాక్‌బర్న్ జనం వేషభాషలు చూసి అక్కడి పత్రిక ఒకటి ఉత్తరాది మొరటు గుంపు అన్నట్టు రాసి ఎద్దేవా చేసింది. 1885లో ఆటకి జీతం తీసుకోవడాన్ని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పెద్దలు ఒప్పుకోక తప్పలేదు. జీతాలిచ్చే స్తోమతలేని ఒలింపిక్ కొన్నేళ్లకే మూతపడింది. రోవర్స్ నిలబడింది. కార్మికుల జట్టు పోయి, డబ్బున్న జట్టు మిగిలింది. ఇది ఈ కథలో మొదటి ముడి.

1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైతే అందులో రోవర్స్ ఒకటి. 1890 నుంచి ఈవుడ్ పార్కే ఇల్లు. 1890, 91ల్లో మళ్లీ కప్పు. 1891 డిసెంబర్‌లో పక్క ఊరి జట్టు బర్న్‌లీతో జరిగిన మ్యాచ్ సంగతి చెప్పకపోతే లాంకషైర్ వాళ్లు ఒప్పుకోరు. మంచు కురుస్తోంది, రోవర్స్ ఓడిపోతోంది, ఆటగాళ్లు విసిగి మైదానం వదిలి వెళ్లిపోయారు. గోల్‌కీపర్ హెర్బీ ఆర్థర్ ఒక్కడే మిగిలాడు. బర్న్‌లీ వాళ్లు బంతి తీసుకుని మీదికొస్తే ఒక్కడే నిలబడి ‘ఆఫ్‌సైడ్’ అని అరిచాడట, అంటే నిబంధన దాటి ముందుకొచ్చారు, ఇది చెల్లదని. ఆట ఆగిపోయింది. బర్న్‌లీతో వైరం మాత్రం ఇంకా ఆగలేదు.

1912లో, 1914లో లీగ్ టైటిల్ వచ్చింది. అదే కాలంలో ఊరి మిల్లులు ఊపిరాడకుండా పనిచేస్తున్నాయి. అక్కడ నేసిన గుడ్డలో పెద్ద వాటా వచ్చేది మన దేశానికే. బ్లాక్‌బర్న్ మగ్గాల మీద ధోవతులు నేసేవాళ్లంటే మనకి వింతగా ఉంటుంది గానీ, మన నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాగేసిన ‘సీమ గుడ్డ’ అంటే అదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మన మిల్లులు, జపాన్ మిల్లులు ఎదిగాయి. పైగా విదేశీ బట్టల బహిష్కరణ. బ్లాక్‌బర్న్ మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1931 సెప్టెంబర్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ, పని పోయినవాళ్లని స్వయంగా చూడాలని లాంకషైర్ వెళ్లారు. దిగింది ఎక్కడనుకున్నారు? డార్వెన్‌లో. కొల్లాయి గుడ్డ కట్టుకున్న మనిషిని, ఆయన వల్లే తమ పని పోయిందనుకోదగ్గ మిల్లు కార్మికులు చప్పట్లు కొట్టి స్వాగతించారు. మీ కష్టం నాకు తెలుసు, మా దగ్గరి పేదరికం ఇంతకు ఎన్నో రెట్లు అని ఆయన మెత్తగానే చెప్పారు.

1936లో రోవర్స్ తొలిసారి రెండో డివిజన్‌కి జారింది. మిల్లులకీ జట్టుకీ సూటిగా లెక్క కట్టలేం. కానీ 1961లో వచ్చిన మార్పుకి మాత్రం కట్టొచ్చు. అప్పటిదాకా ఆటగాడికి వారానికి 20 పౌండ్లకి మించి ఇవ్వకూడదని నియమం ఉండేది. జీతం ఎక్కడైనా అంతే అయినప్పుడు మంచి ఆటగాడు చిన్న ఊళ్లోనూ ఉండేవాడు. నియమం ఎత్తేశాక పెద్ద నగరాల క్లబ్బులు ఎక్కువిచ్చి తీసుకుపోయాయి. ప్రెస్టన్, బోల్టన్, బ్లాక్‌పూల్, అన్నీ ఆ దశాబ్దంలోనే పై డివిజన్ నుంచి పడ్డాయి. రోవర్స్ 1966లో పడి, 26 ఏళ్లు పైకి రాలేదు. మధ్యలో మూడో డివిజన్ కూడా చూసింది.

పైకి తెచ్చినవాడు జాక్ వాకర్. ఆ ఊరివాడే, చిన్నప్పటినుంచి రోవర్స్ అభిమాని. తండ్రి పెట్టిన రేకుల పనిని అన్నదమ్ములిద్దరూ పెద్ద ఉక్కు వ్యాపారం చేసి, 1989లో మూడు వందల మిలియన్ పౌండ్లకి పైగా వచ్చేలా అమ్మేశారు. 1991లో క్లబ్ పగ్గాలు వాకర్ చేతికొచ్చాయి. స్టేడియం దాదాపు మళ్లీ కట్టించాడు. కెన్నీ డాల్‌గ్లిష్‌ని మేనేజర్‌గా తెచ్చాడు. 1992లో పై డివిజన్‌లో చోటు కోసం ఆడే ప్లే ఆఫ్ గెలిచి, సరిగ్గా ప్రీమియర్ లీగ్ మొదలయ్యే వేళకి జట్టు పైకొచ్చింది. ఆ వేసవిలోనే బ్రిటన్‌లో రికార్డు ధరకి అలన్ షియరర్‌ని కొన్నాడు. ‘డబ్బుతో కొన్న జట్టు’ అని మిగతా దేశం మూతి తిప్పుకుంది. సూటర్ రోజుల్లోనూ అన్నది ఇదే కదా.

1995 మే 14. ఆఖరి రోజు. రోవర్స్ లివర్‌పూల్ మైదానంలో. మాంచెస్టర్ యునైటెడ్ గెలిచి, రోవర్స్ గెలవకపోతే టైటిల్ చేజారుతుంది. షియరర్ గోల్ కొట్టాడు, ఆ సీజన్లో అతనికది 34వది. లివర్‌పూల్ సమం చేసింది. చివరి క్షణాల్లో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్ నేరుగా నెట్లోకి పోయింది. రోవర్స్ 1-2. అయిపోయిందనుకునే లోపే లండన్ నుంచి కబురు: యునైటెడ్ వెస్ట్ హామ్‌తో 1-1 డ్రా. 89 పాయింట్లు, 88 పాయింట్లు. ఓడిన మైదానంలోనే కప్పు. 81 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్.

ఆ వైభవం నిలవలేదు. 1996లో షియరర్ న్యూకాజిల్‌కి వెళ్లాడు. 1999లో జట్టు పడిపోయింది, 2001లో లేచింది, 2002లో లీగ్ కప్ గెలిచింది. 2000 ఆగస్టులో వాకర్ చనిపోయాడు. ఆయన కుటుంబ ట్రస్టుకి కొన్నాళ్లకి క్లబ్ బరువైంది. కొనేవాళ్ల కోసం వెతుకుతుంటే వచ్చినవాళ్లే వెంకీస్, అంటే మన వెంకటేశ్వర హ్యాచరీస్ కుటుంబం.

వచ్చిన నెల తిరక్కుండానే మేనేజర్ సామ్ అలర్డైస్‌ని తీసేశారు. అప్పుడు జట్టు 13వ స్థానంలో ఉంది, ఆ ఊరి స్థాయికి అది బాగానే ఉన్నట్టు. కోచింగ్ బృందంలో ఉన్న స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. బ్రెజిల్ స్టార్ ఆటగాడు రొనాల్డీన్యో వస్తాడన్న మాట కూడా వినిపించింది. వచ్చిందేమో ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కోడికాళ్లు కొరుకుతున్న ప్రకటన. కింది డివిజన్‌కి పడ్డాక ఒకే సీజన్లో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైఖేల్ ఆపిల్‌టన్ 67 రోజులు మేనేజర్లు. 2017లో చివరి మ్యాచ్ 3-1తో గెలిచి కూడా, పాయింట్లు సమానమై, గోల్ తేడా మీద (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చే లెక్క) మూడో డివిజన్‌కి పడింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టుకి ఆ గతి పట్టడం అదే మొదలు. ఏడాదిలోనే తిరిగొచ్చింది, అది వేరే మాట.

ఇక్కడ వెంకీస్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. వాళ్లు క్లబ్‌ని దోచుకుపోలేదు, ఏటా కోట్లు పోశారు. ఆ డబ్బు ఆగితే క్లబ్ నడవదు. అభిమానులకీ అది తెలుసు, అదే వాళ్ల టెన్షన్. మరి కోపం దేనికి? దూరంగా ఉన్నారనా? వాకర్ కూడా జెర్సీ దీవిలో కాపురం ఉన్నవాడే. కానీ ఆదివారం ఎవర్ని అడిగినా జట్టు ఎందుకు ఓడిందో వాకర్‌కి తెలుసని చెప్పేవాళ్లు. ఇప్పటి యజమానులు ఈవుడ్ పార్క్‌లో ఏళ్ల తరబడి కనిపించలేదు, నోరు విప్పి చెప్పేదీ తక్కువ. నా మటుకు నాకు, డబ్బుకన్నా ఆ మౌనమే వాళ్లకి ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది.

పైగా ఈమధ్య డబ్బుకీ అడ్డం పడింది. 2023 నుంచి ఈడీ విచారణ కారణంగా ఇక్కడి నుంచి క్లబ్‌కి సొమ్ము పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది, దానికి బ్యాంకు గ్యారంటీ. 2024 ఫిబ్రవరిలో, ఊళ్లోనే పుట్టి క్లబ్ అకాడమీలోనే ఎదిగిన ఆడమ్ వార్టన్‌ని క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు. 2025లో మహిళల జట్టు లీగ్ పెట్టిన షరతులు అందుకోలేక రెండో అంచె నుంచి తప్పుకుంది. అదే ఏడాది నవంబర్‌కి క్లబ్‌కి 150 ఏళ్లు నిండాయి. ఒకప్పుడు ధోవతులు నేసి మనకి పంపిన ఊళ్లో ఈమధ్య ఫుట్‌బాల్ అభిమానులు ఢిల్లీలో వాయిదా ఎప్పుడో వెతుక్కున్నారు.